నూనె పోసినకొద్దీ ఆగిపోతున్న రైఫిల్

ప్రశ్న: మాస్టారూ, నేను కోనసీమలో ఆర్మ్‌డ్ రిజర్వ్ కానిస్టేబుల్‌ని. చేరి మూడేళ్లయింది. నాకు ఇచ్చింది 7.62 ఎస్ఎల్ఆర్ (సెల్ఫ్ లోడింగ్ రైఫిల్). కిందటి ఫైరింగ్‌లో 20 తూటాలకు మూడుసార్లు ఆగింది. నూనె సరిగా పెట్టలేదని అందరి ముందూ మందలించారు. తరువాతిసారి బాగా నూనె పట్టించి తీసుకువెళితే అయిదుసార్లు ఆగింది. మా అమ్మగారి ఊరు తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. అక్కడ మా తాతగారు పాత సైనికులు. రైఫిల్‌కు నూనె ఎంత పెడితే అంత మంచిదని, ఏదీ దొరకకపోతే కొబ్బరినూనె అయినా సరేనని అంటారు. ఒక స్నేహితుడు మోటారుసైకిళ్ల దుకాణంలో దొరికే స్ప్రే కొట్టమన్నాడు. వరదల కాలం వస్తోంది, లంకల్లో డ్యూటీ పడుతుంది. ఎక్కడ, ఎంత, ఏ నూనె పెట్టాలి? తప్పు నాదేనా?
ఒక కానిస్టేబుల్, కోనసీమ

జవాబు: మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. మొదటిసారి మూడుసార్లు ఎందుకు ఆగిందో రైఫిల్ విప్పి చూడకుండా చెప్పలేను. రెండోసారి అయిదుసార్లు ఆగడానికి మాత్రం మీరు పట్టించిన నూనె మీదే నాకు అనుమానం. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు బాబూ. నూనె తక్కువైందని మందలించిన పెద్దమనిషి అది ఎక్కడ తక్కువైందో కూడా వేలు పెట్టి చూపించి ఉంటే మీరు ఈ ఉత్తరం రాసేవారే కాదు.

నేను సైన్యంలో యంత్రాల మరమ్మతు చూసే ఈఎంఈ విభాగంలో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసేవాడిగా, 22 ఏళ్లు పనిచేశాను. పనిచేయడం లేదని నా బల్ల మీదికి వచ్చిన ఎస్ఎల్ఆర్‌లలో ఎండిపోయినవి తక్కువ, నూనెలో నానినవి ఎక్కువ. దీనికి కారణం ఒక్కటే. రైఫిల్‌కు నూనె పెట్టడం అనే మాట వెనుక రెండు వేరువేరు పనులున్నాయి. ఒకటి, ఆయుధం నెలల తరబడి ర్యాకులో నిలబడి ఉన్నప్పుడు తుప్పు పట్టకుండా ఒళ్లంతా పలుచగా పూత పూయడం. రెండోది, కాల్చబోయే ముందు ఉక్కు మీద ఉక్కు జారే చోట్ల మాత్రమే చుక్క వేయడం. మన డెల్టాలో మొదటి పనికి చాలా ప్రాధాన్యం ఉంది, ఎందుకంటే గాలిలోనే నీరుంటుంది, తీరానికి దగ్గరైతే ఉప్పు కూడా ఉంటుంది. అందువల్ల ఇక్కడ ఆయుధాగారాల్లో రైఫిళ్లకు చేయి ధారాళంగానే నూనె రాస్తారు. అందులో తప్పు లేదు. ఆ పూతతోనే నేరుగా ఫైరింగ్‌కు తీసుకువెళ్లడమే తప్పు. బెల్ ఆఫ్ ఆర్మ్స్ (ఆయుధాలు భద్రపరిచే గది) నుంచి రైఫిల్ బయటికి తీసిన రోజున మీ మొదటి పని నూనె పెట్టడం కాదు, ఉన్న నూనె తుడిచేయడం.

మీ తాతగారి మాటను తోసిపుచ్చకండి, అది ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. మాధవరం మొదటి ప్రపంచయుద్ధం నాటి నుంచి సైన్యానికి మనుషులను పంపుతూ వచ్చిన ఊరు, మిలిటరీ మాధవరం అనే పేరు ఊరికే రాలేదు. ఆయన తరం చేతిలో పెరిగింది .303 బోల్ట్ రైఫిల్. 1962లో చైనాతో యుద్ధం జరిగినప్పుడు మన జవాన్ల చేతుల్లో ఎక్కువగా ఉన్నది అదే. దానిలో తూటా పేలిన తరువాత ఖాళీ కేసును బయటికి లాగేది, కొత్త తూటాను లోపలికి తోసేది సైనికుడి కుడి చేయి. నూనె నాలుగు చుక్కలు ఎక్కువైనా, కాస్త మురికి చేరినా చేతి బలం దాన్ని దాటించేది. పైగా పాత .303 తూటాల క్యాపులో ఉండే మందు కాలిన తరువాత ఉప్పులాంటి మిగులును వదిలేది, అది తేమను పీల్చి బ్యారెల్‌ను తినేసేది. మరిగే నీళ్లు పోసి కడిగి, ఆరాక నూనె పట్టించడం ఆ రోజుల్లో ప్రాణాధారమైన అలవాటు. తాతగారు చెబుతున్నది ఆ రైఫిల్ గురించి. ఆ తరువాత ఈషాపూర్ ఫ్యాక్టరీలో తయారై వచ్చిన ఎస్ఎల్ఆర్‌కు చేయి లేదు. దాని చేయి గ్యాసు.

ఆ గ్యాసు పని ఏమిటో తెలిస్తే నూనె ఎక్కడ పెట్టాలో మీకు ఎవరూ చెప్పనక్కరలేదు. తూటా బ్యారెల్‌లో ముందుకు దూసుకుపోతుండగా దాని వెనుక ఉన్న గ్యాసులో కొంత భాగం బ్యారెల్ పైనున్న చిన్న రంధ్రం గుండా గ్యాస్ సిలిండర్‌లోకి ఎక్కుతుంది. అక్కడ పిస్టన్‌ను వెనక్కి కొడుతుంది. పిస్టన్ వెళ్లి, బ్రీచ్ బ్లాక్‌ను మోసే క్యారియర్‌ను కొట్టి, తన పని అయిపోగానే తన స్ప్రింగు బలంతో తిరిగి ముందుకు వస్తుంది. క్యారియర్ కొంచెం దూరం ఒంటరిగా వెనక్కి జరిగి, ఆ తరువాత బ్యారెల్ వెనుక భాగాన్ని మూసి ఉంచే బ్రీచ్ బ్లాక్ తోకను పైకి లేపుతుంది. అప్పటిదాకా ఆ తోక లాకింగ్ షోల్డర్ అనే ఉక్కు అడ్డుకు ఆనుకుని తాళంలా బిగుసుకుని ఉంటుంది. తాళం విడిపోయాక రెండూ కలిసి వెనక్కి పరుగెత్తుతాయి. ఎక్స్‌ట్రాక్టర్ ఖాళీ కేసును లాగుతుంది, ఎజెక్టర్ దాన్ని బయటికి విసురుతుంది, క్యారియర్ వెనుకనున్న ఎలుకతోక లాంటి కడ్డీ మడమ కర్రలో (భుజానికి ఆనించే చెక్కలో) ఉన్న స్ప్రింగును నొక్కుతుంది. ఆ స్ప్రింగు తిరిగి తోసినప్పుడు మ్యాగజైన్ నుంచి కొత్త తూటా బ్యారెల్ వెనుక కొసన ఉన్న చాంబర్‌లోకి వెళుతుంది. కన్ను మూసి తెరిచేలోగా ఇదంతా జరిగిపోతుంది. ఇందులో జారే చోట్లు ఉన్నాయి, మండే చోట్లు ఉన్నాయి. జారే చోట నూనె స్నేహితుడు. మండే చోట అదే నూనె కాలి, బొగ్గుగా మారి, పిస్టన్‌ను గోడకు అంటిస్తుంది.

ఇక పని. ముందు మ్యాగజైన్ తీయండి. ఆ తరువాతే రెండు మూడుసార్లు కాక్ చేయండి, అంటే పిడి పట్టి క్యారియర్‌ను వెనక్కి లాగి వదలండి. ఈ వరుస తారుమారైతే మ్యాగజైన్‌లోని తూటాను మీరే చాంబర్‌లోకి ఎక్కించినవారవుతారు. చాంబర్‌లోకి కంటితో చూడండి, చిటికెనవేలితో తడిమి చూడండి. బ్యారెల్ మూతి ఎవరి వైపూ ఉండకూడదు. శుభ్రం చేసే బల్ల మీద ఒక్క తూటా కూడా ఉండకూడదు. మూడేళ్ల సర్వీసున్న మీకు ఇది తెలుసు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే శుభ్రం చేస్తూ జరిగిన ప్రమాదం ఒకటి నేను దగ్గర నుంచి చూశాను. ఆ కుర్రవాడికి కూడా ఇదంతా తెలుసు.

విప్పిన తరువాత పొడిగా ఉండవలసినవి ముందు చూడండి. గ్యాస్ ప్లగ్ (సిలిండర్ ముందు కొసను మూసే బిరడా), పిస్టన్, గ్యాస్ సిలిండర్ లోపలి గోడ. వీటి మీద బొగ్గు పేరుకుని ఉంటే నూనె తడిపిన గుడ్డతో రుద్ది తీసేయండి. తరువాత పొడి చిందీతో (శుభ్రం చేసే గుడ్డముక్కతో), అది తెల్లగా బయటికి వచ్చేదాకా తుడవండి. పిస్టన్‌ను సిలిండర్‌లో వేసి రైఫిల్‌ను అటూ ఇటూ వంచితే అది తన బరువుతో తానే జారాలి. ఎక్కడైనా తట్టుకుంటే ఇంకా బొగ్గు ఉన్నట్టే. అలాగని గరుకు కాగితంతో మాత్రం గీకకండి. పిస్టన్‌కూ గోడకూ మధ్య ఖాళీ కొలిచి పెట్టినది. గీకితే ఆ ఖాళీ పెరుగుతుంది, పెరిగిన చోటు నుంచి గ్యాసు తప్పించుకుపోతుంది, ఆ నష్టాన్ని ఏ నూనే పూడ్చలేదు.

చాంబర్, బ్యారెల్ కూడా కాల్చేముందు పొడిగా ఉండాలి. పుల్‌త్రూకు (బ్యారెల్ గుండా లాగే తాడుకు) పొడి చిందీ కట్టి రెండు మూడుసార్లు లాగండి. దీన్ని చాలామంది తేలికగా తీసుకుంటారు. తూటా పేలినప్పుడు ఇత్తడి కేసు ఉబ్బి చాంబర్ గోడను గట్టిగా పట్టుకుంటుంది. వెనక్కి వచ్చే ఒత్తిడిలో కొంత భాగాన్ని ఆ పట్టు మోస్తుంది. గోడకు నూనె ఉంటే పట్టు తప్పుతుంది, భారం బ్రీచ్ బ్లాక్ మీదా లాకింగ్ షోల్డర్ మీదా పడుతుంది. తూటాలకు నూనె రాస్తే బాగా జారతాయనుకునేవారు చేస్తున్నది కూడా ఈ హానే. అంతేకాదు, పలుచని నూనె తూటా వెనుకనున్న క్యాపు అంచు నుంచి లోపలికి దిగితే మందు చెడి మిస్‌ఫైర్ అవుతుంది. కాబట్టి మ్యాగజైన్ లోపల నూనె వద్దు, తూటాల మీద వద్దు, బ్రీచ్ బ్లాక్ ముఖం మీద వద్దు, ఫైరింగ్ పిన్ రంధ్రంలో వద్దు. ఫైరింగ్ పిన్ చుట్టూ చేరిన నూనె కొన్నాళ్లకు జిగురై దాని దెబ్బను మెత్తబరుస్తుంది.

ఇప్పుడు చుక్కలు. క్యారియర్ రెండు పక్కల అంచులకు ఒక్కో చుక్క, అవి జారే బాడీ గాడులకు ఒక్కో చుక్క. క్యారియర్ లోపల బ్రీచ్ బ్లాక్ ఎక్కి దిగే వాలు తలాలకు రెండు చుక్కలు. ఎస్ఎల్ఆర్‌లో అత్యంత బరువైన ఒరిపిడి ఇక్కడే ఉంటుంది, ఎండిపోతే ముందు అరిగేదీ ఇక్కడే, అయినా ఎక్కువమంది మరిచిపోయేదీ దీన్నే. బ్రీచ్ బ్లాక్ తోక లాకింగ్ షోల్డర్‌కు ఆనే చోట వేలితో రాసిన తడి చాలు. హ్యామర్ తల మీద ఒకటి, దాని ఇరుసు మీద ఒకటి, కాకింగ్ హ్యాండిల్ జారే గాడిలో ఒకటి. ఎలుకతోక కడ్డీని నూనె వేలితో ఒకసారి నిమిరితే సరిపోతుంది. అన్నీ కలిపితే పది పన్నెండు చుక్కలు. వేసిన తరువాత మ్యాగజైన్ లేకుండా అయిదారుసార్లు కాక్ చేయండి, నూనె తనంతట తాను పరుచుకుంటుంది. పొంగి బయటికి వచ్చినది తుడిచేయండి. ముట్టుకుంటే వేలు మెరవాలి కానీ తడవకూడదు. అనుమానముంటే రైఫిల్‌ను తెల్లకాగితం మీద అరగంట ఉంచి చూడండి. కాగితం మీద మరక పడితే ఎక్కువైనట్టే.

ఎక్కువైతే ఏమవుతుందో నేను రాజస్థాన్‌లో నేర్చుకున్నాను. కొత్తగా ఆర్మరర్ అయిన రోజులవి. పరీక్షకు వెళ్లే రైఫిళ్లు తళతళలాడాలని ఒక ప్లటూన్ ఆయుధాలన్నిటికీ నేనే నూనె దట్టంగా పట్టించాను. వాహనాల్లో రెండు గంటల ప్రయాణం. దిగేసరికి ప్రతి క్యారియర్ మీదా నూనె, ఇసుక కలిసి సాన పట్టే ముద్దలా తయారైంది. ఆరోజు ఆ కుర్రవాళ్లు గురి తప్పలేదు, వాళ్ల రైఫిళ్లు తప్పాయి. కారణం నేను. ఇది ఎడారి కథ కదా, మన దగ్గర ఇసుక తుపాను ఎక్కడ అంటారేమో. బియ్యం మిల్లుల ఊక దుమ్ము, కొబ్బరి పీచు నలుసు, వరద తీసిన తరువాత రోడ్ల మీద ఎండి లేచే గోదావరి ఒండ్రు, ఈ మూడూ నూనెకు ఇసుకలాగే అంటుకుంటాయి. లారీ వెనుక కూర్చుని ఫైరింగ్‌కు వెళ్లిన మీ రైఫిల్‌ను ఒకసారి గుర్తు చేసుకోండి.

మరొక సంగతి. ర్యాకులో రైఫిల్ మూతి పైకి పెట్టి నిలబడుతుంది. దట్టంగా నూనె పట్టిస్తే అది నెమ్మదిగా కిందికి దిగి ట్రిగ్గర్ భాగాల గుండా మడమ కర్రలోని స్ప్రింగు గొట్టంలో చేరుతుంది. దుమ్ముతో కలిసి అక్కడే ముద్ద కడుతుంది. స్ప్రింగు మందగిస్తే బ్లాక్ పూర్తిగా ముందుకు వెళ్లదు. దిగిన నూనె చెక్కకు తగిలిన చోట అది మెత్తబడుతుంది కూడా. నిల్వ పూత వేసిన రోజున ఒక రాత్రి రైఫిల్‌ను మూతి కిందికి, అడుగున గుడ్డ వేసి నిలబెట్టించండి, లేదా పడుకోబెట్టించండి. చెక్కకు తుపాకి నూనె కాదు, అవిసె నూనె. ఏడాదికి రెండుసార్లు, బొట్టు బొట్టుగా అరచేత్తో మర్దించి, ఆరాక తుడిచేయాలి. వానాకాలానికి ముందు ఒకసారి తప్పకూడదు.

ఏ నూనె అని అడిగారు. మీ స్టోర్స్ నుంచి వచ్చే ఆయుధాల నూనె ఉన్నంతకాలం వేరేది వెతకకండి. కొబ్బరినూనె మాత్రం వద్దు, తాతగారికి నా నమస్కారాలతో చెప్పండి. అది మన ఇంటి నూనె, నా చిన్నప్పుడు మా ఇంట్లో తలుపు కీళ్ల నుంచి తల వెంట్రుకల దాకా అదే. కానీ ధనుర్మాసంలో తెల్లవారుజామున సీసాలో అది ఎలా ఉంటుందో మీకు తెలుసు. 24 డిగ్రీల దగ్గరకు వచ్చేసరికి గడ్డ కట్టడం మొదలవుతుంది. చలిగాలి డ్యూటీలో మీ క్యారియర్ అంచుల మీద ఉండేది నూనె కాదు, పేరుకున్న తెల్లని గడ్డ. పైగా గింజల నూనె ఏదైనా గాలి తగిలి పాతబడుతుంది, కమురు వాసన వేస్తుంది, జిగురవుతుంది. కుట్టుమిషను నూనె అత్యవసరంలో ఒక పూటకు ఫరవాలేదు, అయితే పలుచనిది కనుక ఎండలో త్వరగా ఆరిపోతుంది. సీలు తీసిన కొత్త ఇంజన్ ఆయిల్ కూడా గత్యంతరం లేకపోతే పనిచేస్తుంది. వాడేసిన ఇంజన్ ఆయిల్‌ను మాత్రం దగ్గరికి రానీయకండి, అందులో లోహపు పొడి, ఆమ్లాలు ఉంటాయి. స్నేహితుడు చెప్పిన స్ప్రే గుణం నీటిని తరిమేయడం. రైఫిల్ తడిసినప్పుడు అది మంచి సాయమే. కానీ దాని పూత పలుచన, వేడికి నిలవదు. దాన్ని తుడిచేసి అసలు నూనె చుక్కలు వేయాలి. దాంతోనే సరిపెట్టుకుంటే మొదటి మ్యాగజైన్ బాగా నడుస్తుంది, రెండోది మొరాయిస్తుంది. కిరసనాయిలు బొగ్గును బాగా వదిలిస్తుంది, దానితో పాటు నూనెనూ మొత్తం తీసుకుపోతుంది. దానితో కడిగిన ఉక్కును ఆరబెట్టి వెంటనే నూనె రాయకపోతే మన గాలిలో మరుసటి రోజుకే ఎర్రని నలుసు కనిపిస్తుంది.

గ్రీజు గురించి మీరు అడగలేదు, అయినా ఎవరో ఒకరు చెప్పకుండా ఉండరు. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైనికుల గారండ్ రైఫిల్‌కు గ్రీజే వాడారు. వానలో నూనె కొట్టుకుపోయి రైఫిల్ బిగుసుకుపోతోందని పరీక్షల్లో తేలడమే అందుకు కారణం. ఆ రైఫిల్‌లో జారే భాగాలు బయటికి తెరిచి ఉంటాయి. ఎస్ఎల్ఆర్‌లో మూత కింద ఉంటాయి. మీకు గ్రీజు అక్కరలేదు.

ఇప్పుడు అసలు విషయం, మీ రైఫిల్ ఎందుకు ఆగుతోంది. ఆగినప్పుడు ఎక్కడ ఆగిందో మీరు రాయలేదు. వచ్చేసారి ఆగిన క్షణంలో వేలు ట్రిగ్గర్ మీది నుంచి తీసి, ముందు చూడండి, ఆ తరువాతే కాక్ చేయండి. శిక్షణలో చెప్పిన రోక్‌లన్నీ (రైఫిల్ ఆగే తీరులన్నీ) ఆ ఒక్క చూపులో తెలిసిపోతాయి. ఖాళీ కేసు బయటికి పోయే దారిలో ఇరుక్కుని ఉంటే, లేదా బ్లాక్ తగినంత వెనక్కి వెళ్లక కొత్త తూటాను అందుకోలేకపోతే, గ్యాసు చాలడం లేదు. ఖాళీ కేసు చాంబర్‌లోనే ఉండిపోయి, ఎక్స్‌ట్రాక్టర్ దాని అంచు మీద గాటు పెట్టి వదిలేసి ఉంటే, చాంబర్ మురికిగానో తుప్పుతోనో ఉంది, లేదా ఎక్స్‌ట్రాక్టర్ స్ప్రింగు అలసింది. కొత్త తూటా సగం లోపలికి వెళ్లి బ్లాక్ చివరి కొద్దిపాటి దూరం మూసుకోకపోతే, చిక్కబడిన నూనె, మురికి, లేదా వెనుక స్ప్రింగు. రెండోసారి మీకు జరిగింది ఇదే అయి ఉంటుందని నా నమ్మకం. తూటా ముక్కు కిందికి గుచ్చుకుని ఆగితే మ్యాగజైన్‌ను అనుమానించండి. మ్యాగజైన్లకు సుద్దతో గుర్తు పెట్టుకోండి. ఎప్పుడూ ఒకే గుర్తున్న దానితోనే ఆగితే రైఫిల్ నిర్దోషి, ఆ మ్యాగజైన్ పెదవులు వంగాయి లేదా స్ప్రింగు పోయింది. ఒక్క తూటా పేలి, ఆ తరువాత ఏమీ కదలకపోతే గ్యాస్ ప్లగ్ చూడండి. దాన్ని గ్రెనేడ్ స్థానంలో (రైఫిల్ మూతి నుంచి గ్రెనేడ్ విసిరేటప్పుడు పెట్టే స్థానంలో) తిప్పి పెడితే గ్యాసు పూర్తిగా మూసుకుపోతుంది, ప్రతి తూటాకూ చేత్తో కాక్ చేయవలసి వస్తుంది. శుభ్రం చేసి తిరిగి బిగించేటప్పుడు ఈ పొరపాటు అనుభవజ్ఞులకు కూడా జరుగుతుంది.

గ్యాసు చాలకపోతే రెగ్యులేటర్ తిప్పమని పక్కవారు చెబుతారు. ఇక్కడ కాస్త ఆగండి. ధవళేశ్వరం మీకు తెలిసిన చోటే కనుక దానితోనే చెబుతాను. అక్కడ బ్యారేజీకి 175 గేట్లు. గేట్లు ఎత్తితే నీరు సముద్రానికి పోతుంది. దించితే నీటిమట్టం పెరిగి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువలకు ఎక్కుతుంది. ఎస్ఎల్ఆర్ గ్యాస్ రెగ్యులేటర్ తీరు కూడా ఇదే. తెరిచి ఉంచితే గ్యాసు బయటికి వృథాగా పోతుంది, మూసినకొద్దీ పిస్టన్ మీదికి ఎక్కువగా వస్తుంది. కాలువలో పూడిక పేరుకుని శివారు పొలానికి నీరు అందడం లేదనుకోండి. మరో నాలుగు గేట్లు దించితే ఆ పూటకు అందవచ్చు. కానీ చేయవలసినది పూడిక తీయడం. సిలిండర్‌లో బొగ్గు పెట్టుకుని రెగ్యులేటర్ మూసుకుంటూ పోయినా అంతే. రైఫిల్ నడుస్తుంది, కానీ క్యారియర్ అవసరానికి మించిన బలంతో వెనక్కి కొట్టుకుంటుంది. కొన్నాళ్లకు ఎక్స్‌ట్రాక్టర్లు విరుగుతాయి, భుజానికి దెబ్బ పెరుగుతుంది. అందుకే ముందు శుభ్రం, తరువాత చుక్కలు, ఆ రెండూ సరిగా ఉన్నా ఆగితే అప్పుడు రెగ్యులేటర్. దాన్ని పూర్తిగా తెరిచి, తూటా తూటాకూ కొంచెం కొంచెం మూస్తూ, రైఫిల్ నిలకడగా నడిచే చోటు చూసి, మురికికి వెసులుబాటుగా మరో రెండు మెట్లు మూయడం పద్ధతి. మీ ఆర్మరర్ పక్కన ఉండగా, ఫైరింగ్ రేంజిలో మాత్రమే చేయండి.

కాల్చి వచ్చిన రోజునే శుభ్రం చేయాలి. రేపు అనుకోవద్దు. వేడెక్కి చల్లారిన బ్యారెల్‌లో మన రాత్రి తేమ చేరుతుంది. ఆరోజు శుభ్రం చేసినా మరో రెండు రోజులు వరుసగా నూనె చిందీ లాగి చూడండి. మొదటి రోజు తెల్లగా వచ్చిన గుడ్డ రెండో రోజు నల్లగా రావడం మీరే చూస్తారు, లోహపు సందుల్లో దాగినది నెమ్మదిగా బయటపడుతుంది. మీ చెమటలో కూడా ఉప్పుంది. చేతులతో పట్టుకున్న చోటల్లా చివరగా ఒకసారి నూనె గుడ్డతో తుడవడం మరిచిపోకండి. రైఫిల్‌ను తోలు సంచిలోనో, క్యాన్వాస్ తొడుగులోనో మూసి నెలల తరబడి ఉంచవద్దు. ఆ తొడుగు తేమను పీల్చి ఉక్కుకు కట్టినట్టు పట్టి ఉంచుతుంది.

ఇక లంకల డ్యూటీ. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 10 లక్షల క్యూసెక్కులకు ఎగురుతుంది. మీరు పడవ ఎక్కేది ఆ తరువాతే కనుక సిద్ధం కావడానికి ఒకటి రెండు రోజుల వ్యవధి ఉంటుంది. బయలుదేరే ముందు లోపల నేను చెప్పిన పది చుక్కలే, బయట ఉక్కు మీద మాత్రం మామూలుకంటే కాస్త నిండు పూత. అక్కడ కాల్చే అవసరం దాదాపు రాదు, తడిసే అవసరం రోజూ వస్తుంది. ఒక చిన్న నూనె సీసా, పది పొడి చిందీలు, పుల్‌త్రూ ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి జేబులో ఉంచుకోండి. చిందీ అంటే నాలుగంగుళాలకు రెండంగుళాల ఫ్లానెల్ ముక్క. పాత పంచె ముక్క అయితే పోగులు ఊడి లోపల ఉండిపోతాయి.

రైఫిల్ వరదనీటిలో మునిగితే మీకు రెండు శత్రువులు. ఒకటి ఒండ్రు, రెండోది సముద్రానికి దగ్గరి పాయల్లో అయితే ఉప్పు. తూటాలు తీసేసి, మూతి కిందికి వంచి, బ్లాక్‌ను కొంచెం వెనక్కి లాగి పట్టుకోండి. గాలి లోపలికి వెళితేనే బ్యారెల్‌లోని నీరు దిగుతుంది. బ్యారెల్‌లో నీరుండగా కాల్చకూడదు, నీటి కట్టెకు తగిలి బ్యారెల్ ఉబ్బవచ్చు, పగలవచ్చు. మీ దళంలో ఇన్సాస్ (5.56 రైఫిల్) ఉన్నవారికి ఇది మరీ గట్టిగా చెప్పండి. 5.56 బ్యారెల్ సన్నం, నీరు దానంతట అది దిగదు, పట్టుకుని నిలిచిపోతుంది. తరువాత మంచినీటితో కడగాలి. ఉక్కుకు నీళ్లు పోయడానికి చేయి ఆడదు కానీ ఉప్పును నూనె కడగలేదు, నీరే కడగాలి. మంచినీరు పోసి, పొడిగా తుడిచి, వీలైతే ఎండలో కాసేపు ఉంచి, అప్పుడు స్నేహితుడి స్ప్రే, దాన్ని తుడిచాక చుక్కలు. మడమ కర్ర లోపలి స్ప్రింగు గొట్టంలో నీరు ఉండిపోతుంది, దాన్ని విప్పడం మీ పని కాదు, తిరిగి రాగానే ఆర్మరర్‌కు అప్పగించండి. మునగకపోయినా నరసాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు మీద రోజూ దాటేవారికి, అంతర్వేది వైపు రాత్రి డ్యూటీ చేసేవారికి ఉదయం ఒకసారి బయటి పూత తుడిచి కొత్తగా రాసుకోవడం అవసరం. ఆ గాలిలోని ఉప్పు కంటికి కనిపించదు, మూడో రోజుకు ఫోర్‌సైట్ (బ్యారెల్ ముందున్న గురి మొన) మొదట్లో ఎర్రగా కనిపిస్తుంది.

మీ ఆర్మరర్ దగ్గరికి వెళ్లడానికి మొహమాటపడకండి. నా బల్ల దగ్గరికి వచ్చి, ఇది ఇక్కడ ఆగుతోంది, ఇన్నిసార్లు ఆగింది, ఈ మ్యాగజైన్‌తో ఆగింది అని చెప్పిన జవానును నేను ఎప్పుడూ తక్కువగా చూడలేదు. అలాంటివాడు వస్తే నా పని సగం అయిపోయేది. రైఫిల్ నంబరు, ఆగిన తీరు ఒక చీటీ మీద రాసి తీసుకువెళ్లండి. ఎక్స్‌ట్రాక్టర్ స్ప్రింగు, వెనుక స్ప్రింగు, చాంబర్ ఈ మూడింటినీ చూడమనండి. మొదటి మూడుసార్లు ఆగడానికి కారణం వాటిలో ఒకటై ఉండవచ్చు, అప్పుడు మీరు ఎన్ని చుక్కలు సరిగ్గా వేసినా అది ఆగుతూనే ఉంటుంది. చూసి వచ్చాక ఏం తేలిందో నాకు రాయండి.